దొంగకి అబద్ధం చెప్పడం కూడా నేర్పాలి

అబద్ధం ఆడకూడదు అని మన ఇళ్ళల్లో చిన్నప్పట్నుంచి చెప్తారు. మంచి మాటే, నేనేం కాదనట్లేదు. కానీ చెడ్డ ఉద్దేశంతో గుమ్మం దాకా వచ్చినవాడికి అబద్ధం ఎలా చెప్పాలో కూడా ఇంట్లోనే నేర్పాలని నా అభిప్రాయం. రోడ్డు ఎలా దాటాలో నేర్పుతాం కదా, అంత మామూలుగా. ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పేది ఇదే: ప్రాణం మీదికి, పరువు మీదికి, ఆస్తి మీదికి వచ్చినప్పుడు బొంకినా పాపం అంటదని. బలి వినలేదనుకోండి, అది వేరే కథ.

2024 మార్చిలో బేగంపేటలో జరిగింది మీలో చాలామంది సీసీటీవీ వీడియోలో చూసే ఉంటారు. పట్టపగలు ఇద్దరు మనుషులు కొరియర్ అని చెప్పి ఒక ఇంట్లోకి వచ్చారు. ఒకడి దగ్గర నాటు తుపాకీ, ఇంకొకడి దగ్గర కత్తి. పనిమనిషి మెడ మీద కత్తి పెట్టారు. ఇంట్లో ఉన్న తల్లి, టీనేజ్ కూతురు తిరగబడ్డారు. అరుపులు విని చుట్టుపక్కలవాళ్ళు వచ్చారు. తర్వాత దొంగలిద్దరూ దొరికారు, పోలీసులు ఆ తల్లీకూతుళ్ళని సన్మానించారు. వీడియో దేశమంతా తిరిగింది. వాళ్ళ ధైర్యానికి నిజంగా దండం పెట్టాలి.

అయితే ఆ వీడియో కింద మనం పెట్టే కామెంట్లన్నీ కొట్టడం గురించే ఉంటాయి. నాకు మాత్రం తుపాకీ బయటికి రాకముందు జరిగిన సంగతి మీదే ధ్యాస పోయింది. ఆ రోజు మొదట పనిచేసిన ఆయుధం ఏంటి? 'కొరియర్' అనే మాట. ఒక్క అబద్ధంతో తలుపు తెరుచుకుంది. పైగా వాళ్ళు అంతకుముందు అదే ఇంటికి క్లీనింగ్ పనికి వచ్చి వెళ్ళినవాళ్ళని పోలీసుల విచారణలో తేలింది. అంటే వాళ్ళ దగ్గర ఇంటి గురించిన సమాచారం ఉంది, చెప్పడానికి ఒక కథ ఉంది. మన దగ్గర మాత్రం "ఎవరండీ?" అనే ప్రశ్న ఒక్కటే ఉంటుంది.

మా ప్రగతి నగర్‌లో మధ్యాహ్నం రెండింటికి ఏ అపార్ట్‌మెంట్‌లోకైనా వచ్చి చూడండి. ఉద్యోగాలకెళ్ళేవాళ్ళు హైటెక్ సిటీలోనో గచ్చిబౌలిలోనో ఉంటారు. ఇళ్ళల్లో మిగిలేది అమ్మమ్మలు, తాతయ్యలు, స్కూల్ నుంచి వచ్చిన పిల్లలు. గంటకోసారి బెల్ మోగుతుంది. కూరగాయలు, పార్సిల్, వాటర్ క్యాన్, గ్యాస్, ఇంటర్నెట్ రిపేర్. వాచ్‌మన్ ఒక్కడే, ఆయనైనా ఎంతమందిని ఆపగలడు? నూటికి తొంభై తొమ్మిది మంది పాపం పని చేసుకుని బతికేవాళ్ళే. వాళ్ళని అనుమానంగా చూడమని నేను చెప్పట్లేదు. ఆ మిగిలిన ఒక్కడి కోసం మన నోట్లో ఒక అబద్ధం రెడీగా ఉండాలంటున్నాను.

మా అమ్మమ్మ దగ్గర అది ఉంది. బెల్ మోగగానే ముందు ఖాళీ బెడ్‌రూమ్ వైపు తిరిగి, "ఒరేయ్, ఇక లేవరా, ఎవరో వచ్చారు, చూడు!" అని గట్టిగా కేక పెడుతుంది. లోపల ఎవరూ ఉండరు. ఆ తర్వాతే గొలుసు తీయకుండా తలుపు కొంచెం తెరుస్తుంది. ఏ సెల్ఫ్ డిఫెన్స్ క్లాసులోనూ ఎవరూ నేర్పలేదు. ఊళ్ళో ఒంటరిగా ఉన్న రోజుల్లో అలవాటైందట.

ఇది ఎందుకు పనిచేస్తుంది? దొంగ చేతిలో కత్తి ఉండొచ్చు, కానీ వాడికి టైమ్ తక్కువ, భయం ఎక్కువ. లోపల ఎంతమంది ఉన్నారు, ఎవరు వస్తున్నారు, ఎవరు చూశారు అనేవి వాడికి తెలియాలి. వాటికి జవాబు చెప్పేది మనమే. తప్పు జవాబు చెప్తే సరిపోతుంది.

తెనాలి రామకృష్ణుడి బావి కథ గుర్తుందా? పెరట్లో దొంగలు నక్కి ఉన్నారని ఆయన కనిపెట్టేస్తాడు. అరవడు, పరిగెత్తడు. వాళ్ళకి వినపడేలా భార్యతో, ఊళ్ళో దొంగల భయం ఎక్కువగా ఉంది, నగలన్నీ పెట్టెలో పెట్టి బావిలో పడేద్దాం అంటాడు. పెట్టె నిండా రాళ్ళు నింపి బావిలోకి తోసేస్తాడు. దొంగలు తెల్లవార్లూ నీళ్ళు తోడుతూనే ఉంటారు, ఆ నీళ్ళు ఆయన తోటలోకి పారుతూనే ఉంటాయి. చిన్నప్పుడు నవ్వుకుని వదిలేశాం. ఇప్పుడు చూస్తే ఆయన చేసింది ఏంటి? దొంగకి ఏం కావాలో తెలుసుకుని, అది ఉన్నట్టు చూపించి, వాడి రాత్రంతా ఖర్చు పెట్టించాడు.

మన సీఎస్‌ఈ వాళ్ళకి దీని పేరు తెలుసు. హనీపాట్. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. ఆ చిన్న తేడా వెంట పడిన క్లిఫర్డ్ స్టోల్‌కి, ఎవరో బయటివాడు సిస్టమ్‌లో తిరుగుతున్నాడని తెలిసింది. వాడిని వెంటనే బయటికి గెంటెయ్యొచ్చు. కానీ ఫోన్ లైన్ ట్రేస్ చెయ్యాలంటే వాడు ఎక్కువసేపు కనెక్షన్‌లో ఉండాలి. అందుకని రక్షణ శాఖ ప్రాజెక్టు ఫైళ్ళలా కనిపించే దొంగ ఫైళ్ళు తయారుచేసి పెట్టారు. వాడు ఆశగా కూర్చుని చదివాడు. ఆ జాడ పశ్చిమ జర్మనీలోని హానోవర్ దాకా వెళ్ళింది. దొరికినవాడు సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి సమాచారం అమ్ముతున్న ముఠా మనిషి. స్టోల్ 1989లో దీని మీద 'ద కుకూస్ ఎగ్' అని పుస్తకం రాశాడు. రాళ్ళ పెట్టెకీ ఆ ఫైళ్ళకీ తేడా నాకేం కనపడలేదు.

ఇప్పుడు దొంగలు తలుపు దగ్గరికి రావడం కూడా మానేశారు. వీడియో కాల్‌లో వస్తున్నారు. 'డిజిటల్ అరెస్ట్' అంటారు చూడండి, అది మొదటి నుంచి చివరిదాకా బ్లఫ్పే. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఈ మాటే చెప్పారు. అయినా ఖాకీ చొక్కా, వెనకాల బోర్డు చూడగానే చదువుకున్నవాళ్ళు కూడా వణికిపోతున్నారు. ఎందుకంటే మనం అడిగినదానికల్లా నిజం చెప్పేస్తాం. ఇంట్లో ఎవరున్నారు అంటే ఒంటరిగా ఉన్నానంటాం. అకౌంట్‌లో ఎంతుంది అంటే పైసాతో సహా చెప్తాం. అదే నెల తర్వాత కేరళలో త్రిస్సూర్ పోలీసుల సైబర్ సెల్‌కే ఒక నకిలీ పోలీసు వీడియో కాల్ చేశాడు. అటువైపు అధికారి తొందరపడలేదు. కెమెరా సరిగ్గా పనిచెయ్యట్లేదని సాగదీసి, సాగదీసి, చివరికి ఆన్ చేశాడు. ఎదురుగా అసలు పోలీసు. ఆ వీడియో చూసి అందరూ నవ్వారు. మనకి అంత సీన్ అక్కర్లేదు. "సార్, మా అబ్బాయి వచ్చేశాడు, ఒక్క నిమిషం" అని కాల్ కట్ చేసి 1930కి ఫోన్ చేస్తే చాలు.

అన్ని అబద్ధాలూ పనిచెయ్యవు. "మా బాబాయి ఎస్సై తెలుసా" అనే టైపు డైలాగులు సినిమాల్లో బాగుంటాయి. నిజంగా అంటే అవతలివాడికి కోపం తెప్పించొచ్చు, లేదా మనల్ని సాక్షిగా చూసి భయపడొచ్చు. రెండూ ప్రమాదమే. ఇంట్లో ఎవరుంటారో ముందే తెలిసినవాడి దగ్గర "లోపల నాన్న ఉన్నారు" అన్నది కూడా తేలిపోవచ్చు, బేగంపేటలో వచ్చినవాళ్ళు అలాంటివాళ్ళే. కానీ "పై ఫ్లాట్ ఆంటీ ఇప్పుడే వస్తానన్నారు" అన్నది ఎవడూ అప్పటికప్పుడు చెక్ చెయ్యలేడు. వాడి టైమ్ తగ్గిస్తుంది, వాడికి వెళ్ళిపోవడానికి దారి వదులుతుంది. మంచి అబద్ధం చిన్నగా ఉంటుంది. మన లక్ష్యం వాడిని ఓడించడం కాదు, వాడు వెళ్ళిపోవడం లేదా మనం బయటపడటం. కత్తి ఇప్పటికే మెడ మీద ఉంటే ఫోన్, గొలుసు ఇచ్చెయ్యండి. అవి మళ్ళీ కొనుక్కోవచ్చు.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ఉండలేను. 2025 ఆగస్టులో మా పక్కనే కూకట్‌పల్లిలో పదేళ్ళ పాప ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు, పక్క బిల్డింగ్‌లో ఉండే అబ్బాయి క్రికెట్ బ్యాట్ దొంగిలించడానికి వచ్చి, పాప చూసిందని చంపేశాడని పోలీసులు చెప్పారు. ఆ వార్త వచ్చిన వారం మా వైపు పిల్లల్ని కింద పార్కులోకి కూడా ఎవరూ పంపలేదు. "తెలివిగా ఉంటే బతికేది" అని అలాంటి సమయంలో ఎవరైనా అంటే వాళ్ళని అక్కడే ఆపాలి. సమయస్ఫూర్తిని మెచ్చుకోవడం వేరు, అది తట్టనివాళ్ళని తప్పుపట్టడం వేరు. భయంలో ఎవరికైనా నోరు పెగలదు. చాలాసార్లు అవతలివాడు అబద్ధం చెప్పే టైమ్ కూడా ఇవ్వడు. తప్పు ఎప్పుడూ లోపలికి వచ్చినవాడిదే.

నోరు పెగలదు కాబట్టే ముందు ప్రాక్టీస్ కావాలంటున్నాను. మన కాలేజీలో ఫైర్ డ్రిల్ చేస్తారు. మంటలొచ్చినప్పుడు ఆలోచించే టైమ్ ఉండదని అందరికీ తెలుసు. ఫ్లాట్స్ అసోసియేషన్లు వినాయక చవితి చందాల మీద పెట్టే మీటింగుల్లో ఒక్క అరగంట దీనికి పెట్టలేవా? హాస్టల్లో, పీజీల్లో ఉండేవాళ్ళు రూమ్‌మేట్స్‌తో ఒక కోడ్ మాట అనుకోలేరా? "పులిహోర చేశారా?" అని ఫోన్‌లో అడిగితే నేను ప్రమాదంలో ఉన్నానని అర్థం, వెంటనే 112కి కాల్ చెయ్యి, అంతే. అవతలివాడు పక్కనే నిలబడి విన్నా అనుమానం రాదు.

ఈ వీకెండ్ ఇంటికెళ్ళేవాళ్ళు తమ్ముడినో చెల్లినో కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడగండి: "నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు ఎవరో వచ్చి, ఇంట్లో పెద్దవాళ్ళు లేరా అంటే ఏం చెప్తావు?" చాలామంది పిల్లలు "లేరంకుల్" అంటారు, ఎందుకంటే మనం అలాగే పెంచాం. "నాన్న స్నానం చేస్తున్నారు, వచ్చాక చెప్తా" అనమని నేర్పండి. నాలుగుసార్లు అనిపించండి. తడబడకుండా వచ్చేదాకా.