నల్ల బంపర్ల కారు

మా గరాజ్ లో ఒక పాత కారుంది. 1977 మోడల్ ఎం.జి.బి. రెండే సీట్లు, గుడ్డ టాపు, తలుపు తీస్తే ఇంజనాయిల్ వాసన. మా ఆవిడ దాన్ని "మీ రెండో సంసారం" అంటుంది. పోయిన వేసవిలో కాలేజీ నుంచి వచ్చిన మా అబ్బాయి దాని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, "నాన్నా, ఈ నల్ల రబ్బరు బంపర్లు పీకేసి క్రోమ్ వి పెట్టిద్దాం. అప్పుడు ఒరిజినల్ గా ఉంటుంది" అన్నాడు.

ఆ "ఒరిజినల్" అన్న మాట దగ్గరే మా ఇద్దరికీ పేచీ వచ్చింది. వాడికి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

1960ల నాటి కార్లకు బంపరంటే నగ లాంటిది. తళతళలాడే సన్నటి పట్టీ. చూడ్డానికి ముచ్చటగా ఉండేది, తగిలితే వంగిపోయేది. పార్కింగ్ లో చిన్న దెబ్బ తగిలినా హెడ్ లైటు పగలడం, హుడ్ బిగుసుకుపోవడం, వందల డాలర్ల బిల్లు, ఆ పైన ఇన్సూరెన్స్ వాళ్ళ గోల. అంచేత అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 1973 మోడళ్ళ నుంచి ఒక నిబంధన పెట్టింది. కదలని గోడకు ముందు వైపు గంటకు 5 మైళ్ళ వేగంతో, వెనక వైపు రెండున్నర మైళ్ళ వేగంతో తగిలినా లైట్లు, హుడ్, గ్యాస్ టాంకు వంటివి చెడిపోకూడదు. 1974 మోడళ్ళకు వెనకవైపూ 5 మైళ్ళే అన్నారు. ఒక కారు బంపరు ఇంకో కారు బంపరుకే తగలాలి గనుక, నేల నుంచి 16 - 20 అంగుళాల ఎత్తులో పడే దెబ్బలను తట్టుకోవాలని కూడా అన్నారు.

గంటకు 5 మైళ్ళంటే మనిషి గబగబా నడిచే వేగం కన్నా కాస్త ఎక్కువ. పెద్ద పెద్ద సెడాన్లకు అదొక లెక్క కాదు. నేలకు ఆనుకుని, తేలిగ్గా ఉండే స్పోర్ట్స్ కార్లకే ప్రాణం మీదకొచ్చింది. ఆ పరీక్షను ఎవరెలా రాశారో చూడండి.

కోర్వెట్ వాళ్ళు 1973 లో ముందు వైపు ఉక్కు బంపరును కారు రంగే వేసిన యురేథేన్ తొడుగు వెనక దాచేశారు. వెనక వైపు మాత్రం ఆ ఒక్క ఏడాదికీ పాత క్రోమ్ ఉంచి, 1974 లో అటు కూడా మార్చారు. పోర్షా వాళ్ళు 1974 మోడల్ 911 కి అల్యూమినియం బంపర్లు పెట్టి, బంపరుకీ బాడీకీ మధ్య హార్మోనియం తిత్తి లాంటి రబ్బరు మడతలు అమర్చారు. దెబ్బ తగిలితే బంపరు లోపలికి జరగడానికి ఆ మడతలు చోటిస్తాయి. అది ఎంత కుదిరిందంటే 1989 దాకా ఆ రూపమే నడిచింది. ఈనాడు ఆ బంపర్లున్న 911 కోసం ఎగబడేవాళ్ళున్నారు.

మరి మా ఎం.జి.బి.? ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి తయారవుతున్న కారది. కంపెనీ దగ్గర కొత్త డిజైనుకు డబ్బు లేదు. 1974 చివరికొచ్చేసరికి ఉక్కు చట్రం మీద నల్లటి పాలియురేథేన్ పోతపోసి ముందూ వెనకా తగిలించారు. ఎత్తు చాలదని, ముందు భాగం మళ్ళీ గీసే బదులు కారునే కనీసం ఒక అంగుళం పైకి లేపారు. దాంతో మలుపుల్లో ఒరగడం మొదలెట్టింది. 1977 మోడల్ లో ముందూ వెనకా యాంటీ-రోల్ బార్లు పెట్టి కొంత సరిదిద్దారు.

ఇది చూసి కారు ప్రియులు "చట్టం మా కారును చంపింది" అంటారు. నేను ఒప్పుకోను. అదే చట్టం పోర్షా మీదా పడింది. ఒకరు నిబంధనను కారులో కలుపుకున్నారు, ఇంకొకరు కారుకు అతికించారు. తేడా అక్కడుంది. ఇంకో మాట. ఆ కారు మందకొడిగా పోతుందన్న నింద కూడా బంపరు మీదే వేస్తారు. నిజానికి పొగ నిబంధనల కోసం 1975 నుంచి అమెరికా మోడళ్ళలో రెండు కార్బురేటర్లు తీసి ఒకటే పెట్టారు. ఊపిరి తగ్గింది అక్కడ.

అలాగని చట్టం చేసిందంతా ఒప్పని అనను. 5 మైళ్ళ లెక్క బరువును పెంచింది, బరువు పెట్రోలును తాగింది. ఆ వాదనలన్నీ విన్నాకే 1982 లో ప్రభుత్వం దాన్ని ముందూ వెనకా రెండున్నర మైళ్ళకు దించింది. ఆ ఫెడరల్ బంపరు నిబంధన మామూలు కార్లకే గాని, మనలో చాలామంది ఇళ్ళ ముందున్న ఎస్.యు.వి.లకు ఈనాటికీ లేదు. చిన్న కారును అంగుళం పైకి లేపించిన చట్టం పెద్ద బండిని దాని ఇష్టానికి వదిలేసింది! కోపం తెచ్చుకోవాలంటే దీని మీద తెచ్చుకోవాలి.

రెండేళ్ళ క్రితం మన దీపావళి కార్యక్రమం అయ్యాక పార్కింగ్ లో ఒక పెద్దాయన కారు వెనక్కి తీస్తూ నా కారుకు తగిలించారు. ఆయన కొత్త కారుకు ప్లాస్టిక్ తొడుగు పగిలింది. నా నల్ల బంపరు మీద పడిన మరక జేబురుమాలుతో తుడిస్తే పోయింది. పాపం ఆయన నాకు సారీ చెబుతుంటే, నేనే ఆయన్ని ఓదార్చాల్సి వచ్చింది.

ఇక ఒరిజినల్ సంగతి. ఐదు లక్షలకు పైగా తయారైన ఎం.జి.బి.ల్లో సగానికి పైగా ఈ దేశానికే వచ్చాయి. 1980 లో ఆగిపోయేదాకా అది బతికిందంటే ఇక్కడి గిరాకీ వల్లే, ఇక్కడ అమ్మాలంటే ఆ బంపరు తప్పదు. జనవరి చలిలో సంక్రాంతి సంబరాలకు మన ఆడవాళ్ళు పట్టుచీర మీద మోకాళ్ళ దాకా కోటు వేసుకుని వస్తారు. చీరకు కోటు అందమా అంటే కాదు. కానీ ఆ కోటు లేకపోతే పండక్కి రావడమే లేదు. ఆ ఫొటోల్లోంచి కోటు చెరిపేస్తే అది మన సంక్రాంతి కాదు, ఇంకెవరిదో. నా కారు ఆబింగ్డన్ నుంచి బయల్దేరినప్పుడే ఆ నల్ల బంపర్లతో బయల్దేరింది. దానికి అదే ఒరిజినల్.

ఇదంతా మా అబ్బాయికి మొన్న ఫోనులో చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి, "సరే నాన్నా, బంపర్లు ఉంచుదాం. ఆ అంగుళం మాత్రం కిందకి దించుదాం, మలుపుల్లో బావుంటుంది" అన్నాడు.

"ముందు మన స్టేట్ రూల్స్ చదివిరా, తర్వాత స్ప్రింగుల సంగతి చూద్దాం" అన్నాను.