అట్లాంటిక్ దాటబోయే ముందు

పిల్లలూ! ఇంటిల్లిపాదీ చిన్న తెరచాప పడవలో అట్లాంటిక్ మహాసముద్రం దాటేవారు ఉన్నారు, తెలుసా? ఆఫ్రికా పడమటి తీరానికి దగ్గరలో, కానరీ దీవులలో ఉన్న లాస్ పాల్మాస్ రేవులో వారు ముందుగా ఆగుతారు. అవతలి ఒడ్డున తుఫానుల కాలం నవంబరు చివరకు గాని ముగియదు.

అక్కడి సెయింట్ లూసియా దీవి సుమారు 5,000 కిలోమీటర్ల దూరం. గంటకు 10 కిలోమీటర్లు పోయే పడవకు మూడు వారాల ప్రయాణం. దారిలో అంగడి లేదు, బావి లేదు. అందుచేత మంచినీళ్ళు నింపుతారు. తెరచాప స్తంభమెక్కి తాళ్ళు పరీక్షిస్తారు. అరటిగెల పచ్చిదే కొంటారు. అట్టపెట్టెలను మాత్రం పడవ ఎక్కనివ్వరు. వాటి మడతలలో బొద్దింకలు గుడ్లు పెట్టి ఉండవచ్చు!

ఏదైనా మరిచిపోతే వెనక్కు రాకూడదా అంటారా? వారిని ముందుకు తోసే ఈశాన్యపు గాలే అప్పుడు ఎదురుగాలి అవుతుంది.