పుస్తకానికి ఎన్ని చెట్లు?

ఇన్నేళ్ళుగా ఇక్కడ రాసుకుంటూ వచ్చిన వాటిలోంచి ఓ నలభై ఏరి పుస్తకం వేద్దామనుకుంటున్నానని కిందటి నెల ఒక స్నేహితురాలితో అన్నాను. ఏవి తీసుకున్నారు, ఏవి వదిలేశారు అని అడుగుతారేమోనని చూశాను. ఆవిడ మాత్రం, "ఈ రోజుల్లో అచ్చెందుకండీ, ఎన్ని చెట్లు కొట్టించాలి! ఈ-బుక్ చేసెయ్యండి," అన్నారు. రాతలు బాగాలేవన్నా ఇంత గుచ్చుకునేది కాదు. చెట్లు కొట్టించే మనిషిగా నన్ను నేనెప్పుడూ ఊహించుకోలేదు మరి.

ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేశాను. నందిగామ దగ్గర నాన్న వదిలిపోయిన పొలంలో వాడు సుబాబుల్ వేసి పదేళ్ళు దాటింది. "వెయ్యి పుస్తకాలకి ఎంత కర్ర కావాలిరా?" అంటే నవ్వాడు. "నాకు కాటా మీద టన్నులు తెలుసక్కా, పుస్తకాలు తెలీవు." ఇద్దరం కలిసి కాకిలెక్క ఒకటి వేశాం. రెండొందల పేజీల పుస్తకం పావుకిలో తూగుతుందనుకుంటే, వెయ్యి కాపీలకి పావు టన్ను కాగితం. తెల్లకాగితానికి పనికొచ్చే గుజ్జు తీస్తే ఎండు కర్రలో ఇంచుమించు సగమే నారగా మిగులుతుంది. పచ్చికర్రలోనేమో దాదాపు సగం నీళ్ళే. తరుగుతో కలిపి టన్ను, టన్నుంబావు పచ్చికర్ర. "మనకి ఎకరానికి పాతిక టన్నులు దిగుతుంది. నీ పుస్తకం నాలుగైదు సెంట్ల చేను. కొట్టేసినా మోడు నుంచి పిలకలేసి నాలుగేళ్ళకి మళ్ళీ అంతవుతుంది," అన్నాడు.

హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య రెండు రోజులు కూడా నిలవలేదు. స్నేహితురాలు అన్నదాంట్లో పొరపాటుంది, తమ్ముడు చెప్పినదాంట్లో మిగిలిపోయినది చాలా ఉంది. ఈ రాత ఆ రెంటి గురించి.

ముందు పొరపాటు సంగతి. "ప్రింట్ తీసేముందు ప్రకృతి గురించి ఆలోచించండి" అని ఆఫీసు ఈమెయిళ్ళ అడుగున ఆకుపచ్చ అక్షరాల్లో ఉండేది గుర్తుందా? దాన్నిబట్టి ప్రపంచంలో అడవులన్నీ కాగితం కోసమే పోతున్నాయనుకుంటాం. ఏటా దాదాపు 400 కోట్ల ఘనపు మీటర్ల కలప కొడుతుంటే అందులో సగం పొయ్యిల్లోకీ బట్టీల్లోకీ వంటచెరకుగా, బొగ్గుగా పోతోంది. అడవి అడవిగా లేకుండా పోవడానికి పెద్ద కారణం సేద్యం: అమెజాన్‌లో పశువుల బీళ్ళు, సోయా, ఇండోనేషియాలో పామాయిలు తోటలు. ఇక కాగితమంటారా, ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే కాగితంలో సగానికి పైగా అట్టపెట్టెలకీ పొట్లాలకీ పోతోంది. దువ్వెన ఒకటి తెప్పించుకుంటే చెప్పుల జోడు పట్టే పెట్టెలో గుమ్మం ముందు దిగుతుంది. పుస్తకం వేసేవాళ్ళని నిలదీసే మనం ఆ పెట్టెని మడతపెట్టి నీలం డబ్బాలో పడేసి పుణ్యం చేసుకున్నట్టు లోపలికి పోతాం.

ఇంకొకటి. రేపు ఎవరూ కాగితం కొనకపోతే మా తమ్ముడి చేను అడవి అయిపోదు. మోళ్ళు పెళ్ళగించి పత్తి వేస్తాడు, లేదా అందరిలాగే వెంచర్ వాళ్ళకిచ్చి ప్లాట్లు వేయిస్తాడు. అక్కడ చెట్టంటూ నిలబడి ఉందంటే కొనేవాడు ఉండబట్టే. వాడకం తగ్గితే చాలు చెట్లు బతికిపోతాయన్న నమ్మకం అన్ని చోట్లా చెల్లదు.

ఈ మాట వినగానే పరిశ్రమ వాళ్ళు చప్పట్లు కొడతారు. "చూశారా, మేం కొట్టేదానికన్నా నాటేదే ఎక్కువ," అంటారు. ఆ మాట దగ్గర నాకు వాళ్ళతోనూ పేచీ ఉంది.

నేనుండేది ఆరెగన్‌లో. పోర్ట్‌లండ్ నుంచి సముద్రం వైపు 26వ నంబరు రోడ్డు మీద పోతుంటే కొండలు గొరిగిన తలల్లా కనిపిస్తాయి. ఒక మడి నున్నగా, పక్క మడి మోకాలెత్తు మొక్కలు, ఆ పక్కది ముప్పై నలభై ఏళ్ళ డగ్లస్ ఫర్ చెట్లు, అన్నీ ఒకే ఎత్తు. అంతా చట్టప్రకారమే. అమెరికాలో ఇలాంటి చట్టం మొదట తెచ్చిన రాష్ట్రం ఇదే, 1971లో. ఒక్కచోట 120 ఎకరాలకి మించి ఒకేసారి కొట్టకూడదు, కొట్టాక రెండేళ్ళలో తిరిగి నాటాలి. నాటుతున్నారు కూడా. కానీ ఆ చెట్టు అయిదొందల ఏళ్ళు బతకగలదు. దాన్ని నలభై, యాభై ఏళ్ళకే కొడుతూ పోతే మిగిలేది తోట. అందులో పడి కుళ్ళే మాను ఉండదు, తొర్ర ఉండదు, తొర్రలో కాపురముండే పిట్ట ఉండదు. చెట్ల లెక్క సరిపోతుంది, అడవి లెక్క సరిపోదు.

ఆ తొర్రలో పిట్ట గురించే ఇక్కడ పెద్ద యుద్ధం జరిగింది. ముఖ్యంగా ముసలి అడవుల్లో బతికే చుక్కల గుడ్లగూబని 1990లో ముప్పున్న జాతుల్లో చేర్చారు. కోర్టులు అడ్డుపడ్డాయి, 1994లో ఫెడరల్ అడవులకి కొత్త ప్రణాళిక వచ్చింది, ఆ అడవుల్లో కొట్టుడు అంతకుముందుతో పోలిస్తే చాలా కొద్దిగా మిగిలింది. మిగిలి ఉన్న ముసలి అడవుల్లో చాలా భాగం ఆ నిర్ణయంవల్లే నిలబడిందని నేను నమ్ముతాను. కానీ మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, కోత మిల్లులో పనిచేసి, ఆ రోజుల్లో మిల్లు మూతపడితే ఊరొదిలి వచ్చినవాడు. ఆయన ఒకసారి అన్నాడు: "ఇక్కడ కొట్టడం ఆపారు, బాగానే ఉంది. ఇళ్ళు కట్టుకోవడం ఆపారా?" ఆపలేదు. ఆ కలప కెనడా నుంచి వచ్చింది, అమెరికా దక్షిణాది తోటల నుంచి వచ్చింది. రంపం ఆగలేదు, చోటు మారింది. ఆయన ఊరు కోలుకోలేదు. వేరే జాతి గుడ్లగూబ వచ్చిపడి పోటీకి దిగడంతో ఈ గుడ్లగూబా ఇంకా కోలుకోలేదు.

మరి సర్టిఫికెట్లు లేవా అంటారు. ఉన్నాయి. టిక్కు గుర్తూ చెట్టు బొమ్మా కలిసిన ఎఫ్‌ఎస్‌సీ ముద్ర మీ నోటుపుస్తకాల మీదా ఉండే ఉంటుంది. ఆ సంస్థ 1993లో పుట్టింది, దానికి పోటీగా పీఈఎఫ్‌సీ 1999లో వచ్చింది. అవి దండగని నేననను. ఎక్కడి కర్రో అడిగే అలవాటు వాటివల్లే వచ్చింది. కాకపోతే ముద్ర కింద 'మిక్స్' అని ఉంటే అదంతా సర్టిఫికెట్ ఉన్న అడవి నుంచే వచ్చిందని కాదు. కొంత అది, కొంత పాత కాగితం, కొంత ఫలానా ఘోరాలు జరగలేదని చూసుకున్న మామూలు కలప. ఈ సంస్థని మొదట్లో నెత్తిన పెట్టుకున్న గ్రీన్‌పీస్ ఇంటర్నేషనల్ 2018లో బయటికొచ్చేసింది. యూరప్ ఇంకో అడుగు వేసి, 2020 చివరి తర్వాత అడవి నరికిన నేలలో పండిన కొన్ని రకాల సరుకులు మా గడప తొక్కకూడదని 2023లో చట్టం చేసింది. నేల ఎక్కడుందో ఉపగ్రహానికి దొరికేలా చూపించాలి. అమలు ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది.

వీటన్నిటిలో నేను వెతికినంతలో ప్రధానంగా కనపడని ప్రశ్న ఒకటే: చెట్టు పెంచినవాడికి ఎంత ముట్టింది?

తమ్ముడు మొదట చెప్పకుండా మింగేసింది ఇదే. గుచ్చి అడిగితే బయటికొచ్చింది. కర్ర కొనేది ఒకటో రెండో మిల్లులు, మధ్యలో దళారి. ధర వాళ్ళ నోట్లో ఉంటుంది. కిందటి కోతకి డబ్బు చేతికొచ్చేసరికి ఏడు నెలలైందట. మిరప వేసిన రోజుల్లో మా చేలో కాయ కోతకి పాతికమంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు, ఇప్పుడు నాలుగేళ్ళకోసారి కొట్టుడు ముఠా వస్తుంది, పోతుంది. కూలి పోయినవాళ్ళు ఏ ముద్ర మీదా కనపడరు. పక్క రైతు మా నీడ తన చేలో పడి పంట తగ్గుతోందని గట్టు మీద తగువుకొస్తాడు.

అయినా ఇది వెనకటికన్నా నయమే. 1958లో దండేలి దగ్గర పెట్టిన ఒక కాగితం మిల్లుకి సర్కారు అడవిలో వెదురు టన్ను రూపాయిన్నరకి రాసిచ్చారు. అదే వెదురుని బుట్టలల్లేవాళ్ళు బజారులో ఎన్నో వందల రెట్లు పెట్టి కొనుక్కునేవాళ్ళు. 1970లలో మాధవ్ గాడ్గీల్ దాన్ని దగ్గరగా చూసి రాశారు. అంత చవగ్గా వచ్చినదాన్ని ఎవడు కాపాడతాడు? దగ్గర అడవిలో వెదురు అయిపోతే దూరపు అడవికి పోయారు. నిజాం కాలంలో సిర్పూర్ దగ్గర మిల్లు పెడితే ఊరికి కాగజ్‌నగర్ అన్న పేరు పడింది, ఆదిలాబాద్ వెదురు దానికి పోయింది. 2014లో ఆ మిల్లు ఆగిపోయి 2018లో మళ్ళీ నడిచేదాకా ఊరంతా ఆకలితో ఉంది. పరిశ్రమకి సర్కారు అడవి నుంచి చవగ్గా ఇవ్వడం ఆపాలి, రైతుల దగ్గర కొనుక్కోవాలి అని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. సుబాబుల్, జామాయిల్ చేలు మన జిల్లాల్లో అంతగా పరుచుకోవడానికి అదొక కారణం.

అడవి పక్కన ఉండేవాడికి హక్కిస్తే ఏమవుతుందో కూడా చూశాం. తెలంగాణ సరిహద్దున గడ్చిరోలి జిల్లాలో మేండా-లేఖా అనే గోండు పల్లె తన వెదురుని తానే అమ్ముకునే అధికారాన్ని 2011లో సాధించుకుంది. ధర గ్రామసభే చూసుకుంటుంది, ఎంత కొట్టాలో కూడా అదే తేలుస్తుంది. తమదైన పొదని ఎవరూ మొదలంటా నరుక్కోరు.

మా పోర్ట్‌లండ్ విమానాశ్రయానికి 2024లో తొమ్మిదెకరాల చెక్క పైకప్పు వేశారు. మూడొందల మైళ్ళలోపు అడవుల కలప, అందులో కొంత ఆదివాసీ తెగలవి, చిన్న కుటుంబాలవి. కొంత కలపకైతే ఏ అడవిదో పేరుతో సహా చెప్పగలరు. ఎప్పుడైనా ఇటొస్తే తలెత్తి చూడండి. అడిగి కొనడం కుదిరే పనే అని తెలుస్తుంది.

నా మాట ఇంతే. ముసలి అడవిని వదిలెయ్యాలి, దానికి బదులుగా ఎన్ని మొక్కలు నాటినా చెల్లదు. కర్రని చేలలో పెంచాలి, పెంచినవాడికి గడువులోగా, గిట్టుబాటు ధర ఇవ్వాలి. అది కూడా ముద్ర నిబంధనల్లో మొదటిదిగా ఉండాలి. కర్రతో చేసిన వస్తువు ఎక్కువ కాలం ఉండాలి. పెట్టె వారం ఉంటుంది, పుస్తకం యాభై ఏళ్ళుంటుంది, ద్వారబంధం నూరేళ్ళుంటుంది. ఏది ముందు తగ్గించాలో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

అలాగని పుస్తకానికి నేను మినహాయింపు రాసుకోవడం లేదు. వెయ్యి అచ్చువేసి, మూడొందలు పంచి, ఏడొందలు మంచం కింద పెట్టుకున్న రచయితలు మనలో ఎంతమందో మీకు తెలుసు. చదివేవాడు లేని పుస్తకం కూడా అట్టపెట్టే. అందుకని మూడొందలే వేస్తున్నాను, కావాలంటే మళ్ళీ వేసుకోవచ్చు.

తమ్ముడికి చెబితే, "మూడొందలంటే సెంటున్నర లోపే. ఆ సెంటున్నరకి డబ్బులెప్పుడిస్తారో అదడుగక్కా ముందు," అన్నాడు.