ఆయాని పెట్టడం కన్నా గర్భసంచి తీయడం తేలికా?

1994లో పూణేలోని ససూన్ ప్రభుత్వాసుపత్రిలో, శిరూరు వసతిగృహంలో ఉంటున్న మానసిక వైకల్యం గల ఆడపిల్లలకి గర్భసంచులు తీసేశారు. బహిష్టు రోజుల్లో శుభ్రంగా ఉండటం వాళ్లకి చేతకాదన్నారు. మహిళా సంఘాలు ఎదురుతిరిగాయి.

ఆ వాదనలోని క్రూరత్వం చూడండి. ఆ పిల్లలకి కావలసింది నెలకి నాలుగు రోజులు గుడ్డ మార్చి, నేర్పించే తోడుమనిషి. మనిషిని పెట్టే బదులు వాళ్ల ఒంట్లో అవయవాన్నే తీసేశారు.

ఇళ్లలో ఉన్న వికలాంగ స్త్రీల సంగతేమిటి? అక్కడ ఆయా అమ్మే. లేవదీసేది, స్నానం చేయించేది, బడికి మోసుకెళ్లేది అమ్మ, అక్క, వదిన. జీతం లేదు, సెలవు లేదు. “నేను పోతే దీనికి దిక్కెవరు?” అని తల్లులు అడగటం ఎన్నోసార్లు విన్నాను.

ఆ ప్రశ్నకి జవాబే స్వతంత్ర జీవనం. ఒంటరిగా బతకడమని దానర్థం కాదు. ఎప్పుడు లేవాలో, ఎక్కడ ఉండాలో, ఎవరి సాయం తీసుకోవాలో వికలాంగురాలే నిర్ణయించుకోవడం. పోలియోతో మెడ కింద చచ్చుబడ్డ ఎడ్ రాబర్ట్స్, ఆయన మిత్రులు అమెరికాలోని బర్క్‌లీలో 1972లో ఇందుకోసమే, వికలాంగులే నడిపే కేంద్రాన్ని పెట్టారు.

“అది ధనిక దేశాల ముచ్చట, మనకెక్కడ కుదురుతుంది?” అంటారు. ఆ సాయం మన దేశంలో ఇప్పటికే రోజూ జరుగుతోంది. దాని ఖర్చు ఆడవాళ్లు తమ నడుములతో, మానేసిన చదువులతో, పోగొట్టుకున్న కూలితో చెల్లిస్తున్నారు. కాబట్టి స్తోమత గురించి మాట్లాడకండి. ఎవరు చెల్లించాలో మాట్లాడండి.

2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 19వ అధికరణం, నచ్చిన చోట బతికే హక్కునీ వ్యక్తిగత సహాయాన్నీ గుర్తించింది. మన దేశం 2007లో దాన్ని ఆమోదించింది. 2016 చట్టంలో సహాయకుల భత్యం ప్రస్తావన కూడా ఉంది. కానీ కేంద్రం ఇచ్చే వికలాంగుల పింఛను నెలకి 300 రూపాయలు, అదీ వైకల్యం 80 శాతం ఉంటేనే. రాష్ట్రాలు ఎంత కలిపినా తిండికీ మందులకీ పోగా, సాయం చేసే మనిషికి ఇవ్వడానికి ఏం మిగులుతుంది?

మనం అడగాల్సింది ఇది: సహాయకుల పనికి ప్రభుత్వం కనీస వేతనం ఇవ్వాలి. ఆ మనిషిని ఎంచుకునే, మార్చుకునే అధికారం వికలాంగురాలికే ఉండాలి. ఈ కోర్కెల్ని రాసేటప్పుడు ఆమె మన మధ్య ఉండాలి. అందుకు మన సమావేశాలు ముందు మేడ మీద నుంచి కిందికి దిగాలి.

ఇంటిచాకిరీకి విలువ కట్టమన్న ఉద్యమం మనది. ఈ చాకిరీని ఆ లెక్కలోంచి ఎలా వదిలేస్తాం?