ఆడినవాడు ఫిర్యాదు చేయగలగాలి

కొన్ని ఖాతాల లావాదేవీలు చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. యూపీఐలో 500, ఆ వెంటనే 1,000, అర్ధరాత్రి దాటాక 5,000. డబ్బు వెళ్లిన ఖాతా ప్రతిసారీ వేరు. కంపెనీ పేరుండదు, ఎవరో ఊరూపేరూ తెలియని మనిషి పేరుంటుంది. మోసగాళ్లు డబ్బు దాటించడానికి వాడుకునే ఇలాంటి ఖాతాలనే బ్యాంకులో మేం మ్యూల్ అకౌంట్లు అంటాం.

మొన్న ఒక కుర్రాడు వాళ్లమ్మ గాజులు తాకట్టు పెట్టడానికి వచ్చాడు. బెట్టింగ్ యాప్‌లో 18,000 గెలిచాడట. అవి చేతికి రావాలంటే ముందు ‘ట్యాక్స్’ కింద 5,000 కట్టమంటున్నారట. మోసం బాబూ అంటే వినడే! ‘‘లైసెన్సుంది మేడమ్’’ అంటూ స్క్రీన్ అడుగున కురసావ్ ముద్ర చూపించాడు.

కురసావ్ కరీబియన్ సముద్రంలో నెదర్లాండ్స్ రాజ్యానికి చెందిన చిన్న దీవి. అక్కడ అసలు లైసెన్సున్నవాళ్లు ఏళ్ల తరబడి ఉపలైసెన్సులు పంచిపెట్టారు. 2024 డిసెంబరులో గానీ కొత్త చట్టం రాలేదు. ఆ ముద్ర నిజమైనదే అయినా మన దేశంలో చెల్లదు. బ్రిటన్‌లో సంగతి వేరు. అక్కడ గ్యామ్‌స్టాప్ అనే స్వీయ నిషేధ జాబితాలో ఒక్కసారి పేరు రాయించుకుంటే, లైసెన్సున్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ ఆ మనిషిని ఆడనివ్వకూడదు. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కాయడమూ కుదరదు. అయినా అక్కడా కొంపలు కూలుతున్నాయి. అందుకే మనకు లైసెన్సులు కావాలని నేననను. నిషేధమే సరైనది.

కానీ నిషేధించాక, నష్టపోయినవాడి గోడు ఎవరు వింటారు? 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు ఆటలు నడిపేవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పెట్టింది. ఆడినవాడిని శిక్షించలేదు. మన రెండు రాష్ట్రాల్లోని 1974 నాటి జూద చట్టాలు మాత్రం ఆడినవాడినీ నేరస్థుడిగానే చూస్తాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని ఆన్‌లైన్ ఆటలకూ విస్తరించాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమంటే ఆ కుర్రాడు ‘‘నన్నే లోపలేస్తారేమో మేడమ్’’ అన్నాడు. పోయిన డబ్బు ఖాతా నుంచి ఖాతాకు మారకముందే ఆపగలిగేది ఆ ఫోనే. భయంతో రెండు రోజులు ఆగితే ఇక చిక్కదు.

ఫిర్యాదు చేసిన ఆటగాడిపై కేసు పెట్టబోమని రెండు ప్రభుత్వాలూ చట్టంలోనే రాయాలి. ఆ మాటను 1930 నంబరు పక్కనే, ప్రతి బ్యాంకు శాఖలోనూ పోలీస్ స్టేషన్‌లోనూ తెలుగులో పెద్దక్షరాలతో అంటించాలి.