సంగారెడ్డి ఇల్లు అమ్మాలా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకదాన్ని మూడుసార్లు చదివాను. సంగారెడ్డి నుంచి ఒక తల్లి వ్రాశారు. పేరు వెయ్యవద్దన్నారు గనుక వెయ్యడం లేదు.

ఆవిడ భర్త పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి, వచ్చే సంక్రాంతికి రిటైరు కాబోతున్నారు. ఒక్కతే కూతురు. ఇంజనీరింగు ప్యాసయి, ఏడాదిపాటు ఒక చిన్న కంపెనీలో వెబ్ డెవలపరుగా చేసింది. మనం కరెంటు బిల్లు కట్టే పేజీ, రైలు టిక్కెట్టు కొనే పేజీ తెర మీద తయారుచేసి నడిపించే పని అన్నమాట. ఇప్పుడు మాదాపూర్‌లో పెద్ద కంపెనీలో ఉద్యోగం దొరికింది. వారానికి మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇంటినుంచి పని.

“మావారు ఈ ఇల్లు అమ్మేసి, చాలనిది బ్యాంకులో అప్పుచేసి, కొండాపూర్‌లో ఫ్లాటు కొందామంటున్నారు. వాయిదాలు అమ్మాయి జీతంలోంచి కట్టాలట. అమ్మాయేమో బెంగుళూరులో ఇంకా మంచి అవకాశాలున్నాయి, అక్కడికే పోతానంటోంది. నాకు ఈ వేపచెట్టు వదిలి రావాలని లేదు. అసలు మేము ఎక్కడ ఉండాలి?” అని అడిగారు.

వేపచెట్టు సంగతి తర్వాత. ముందు మీ వారి సంగతి చూద్దాం.

ఆయన తెలివితక్కువగా ఆలోచించడం లేదమ్మా. తన కాలపు లెక్క తాను వేస్తున్నారు. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వెలిసినప్పుడు పక్కనే టౌన్‌షిప్ కూడా కట్టారు. యంత్రం కదలదు గనుక మనిషే దాని దగ్గరకు రావాలి. ఇరవై ఏళ్ల వయసులో ఏ గేటులోంచి లోపలికి వెళ్లాడో, అరవై ఏళ్లకు ఆ గేటులోంచే పూలదండ వేయించుకుని బయటికి వచ్చేవాడు. తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు వచ్చాయి. అక్కడా అదే లెక్క: ఉద్యోగం ఎక్కడో ఇల్లు అక్కడ.

ఆ లెక్కకు ఖరీదూ ఉండేది. నక్కవాగు నీళ్లు ఎలా పాడయ్యాయో ఆ వైపు పల్లెలవారికి చెప్పనక్కరలేదు. 1990లో ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభైమందికి పైగా కార్మికులు చనిపోయారు. ఆనాటి నుంచి మీ వారికి రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టడం లేదని ఉత్తరం చివర రెండు ముక్కలు వ్రాశారు. ఆ రెండు ముక్కలే అసలు కారణమని నాకు తోస్తోంది. ఆ వాడలో ఎవరి బిడ్డా ఉండకూడదని ఆయనకు అనిపిస్తే అది సహజమే. కాని మీ ఇల్లున్నది ఆ ఫ్యాక్టరీల పక్కన కాదు, సంగారెడ్డి ఊళ్లో. సంక్రాంతి తర్వాత ఆయన కూడా ఆ వైపు వెళ్లరు. ఆ భయానికి ఇల్లు అమ్మడం మందు కాదు.

ఇక అమ్మాయి ఉద్యోగం. దీనికి కదలని యంత్రమంటూ లేదు. 2020 మార్చిలో కరోనా వచ్చి ఆఫీసులు మూసేస్తే, మర్నాటికల్లా ఈ పని ల్యాప్‌టాప్‌తో సహా ఇళ్లకు చేరిపోయింది. తర్వాత కంపెనీలు మళ్లీ రమ్మంటున్నాయి. మూడు రోజులనేది అలా వచ్చిందే. పైగా ఈ రంగంలో పిల్లలు రెండు మూడేళ్లకు కంపెనీ మారుతున్నారు. తాము మారకపోతే కంపెనీయే మార్చేస్తుంది. ఇవాళ మాదాపూర్, రేపు నానక్‌రామ్‌గూడ, ఎల్లుండి ఊరికి ఆ చివర పోచారం. ఇరవై ఏళ్ల అప్పును రెండేళ్ల చిరునామాకు ముడివేస్తారా? రేపు పెళ్లయి, అల్లుడిగారి ఆఫీసు ఉప్పల్ దగ్గరైతే ఆ కొండాపూర్ ఫ్లాటును ఏం చేస్తారు?

మరో మాట. వాయిదాలు అమ్మాయి జీతంలోంచి అన్నారు. అమ్మాయిని అడిగారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. మెడమీద అప్పు ఉన్న పిల్ల మంచి అవకాశం వచ్చినా కదలలేదు, చెడ్డ ఉద్యోగమైనా వదల్లేదు.

అలాగని సంగారెడ్డి నుంచి రోజూ తిరగమని నేను చెప్పను. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు అని మీరే వ్రాశారు. నెలకు పన్నెండు రోజులు ఆఫీసనుకుంటే నలభైఎనిమిది గంటలు, అంటే రెండు పగళ్లూ రెండు రాత్రులూ బస్సులోనే. అంత అలసిన పిల్ల రాత్రి కూర్చుని కొత్తది ఏం నేర్చుకుంటుంది? ఈ పనిలో నేర్చుకోవడం ఆగితే జీతం కూడా ఆగుతుంది. పోనీ పూర్తిగా ఇంటినుంచే చేసే ఉద్యోగం వెతుక్కుంటుందా అంటే, అలాంటివి ఎక్కువగా అనుభవం ఉన్నవాళ్లకే దక్కుతున్నాయి. మొదటి రెండేళ్లూ పెద్దవాళ్ల పక్కన కూర్చుని చెయ్యడమే మంచిది.

అంచేత నా సలహా లింగంపల్లి, చందానగర్ ప్రాంతం. కొనడానికి కాదు, అద్దెకు. లింగంపల్లిలో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కితే చందానగర్, హఫీజ్‌పేట, ఆ తర్వాతదే హైటెక్ సిటీ. రైళ్లు తక్కువ గనుక వేళల పట్టిక దగ్గర పెట్టుకోవాలి. స్టేషను నుంచి ఆఫీసుకు షేర్ ఆటో ఎక్కాలి. యూనివర్సిటీ మీదుగా గచ్చిబౌలికి రోడ్డు ఉంది. మియాపూర్‌లో 2017 నుంచి మెట్రో నడుస్తోంది; అమీర్‌పేటలో మారితే రాయదుర్గం దాకా వెళ్లవచ్చును. అంటే ఉద్యోగం మారినా ఇల్లు మార్చనక్కరలేదు. ఇక శుక్రవారం సాయంత్రం అదే బొంబాయి రోడ్డు మీద సంగారెడ్డి బస్సు ఎక్కితే రాత్రి భోజనానికి మీ దగ్గర ఉంటుంది. ఎక్స్‌ప్రెస్‌లలో కూడా ఆడవాళ్లకు ఛార్జీ లేకుండా 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చింది కదా, ఆ ఖర్చూ లేదు.

ఇంటినుంచి పనిచేసే రెండు రోజులు సోమ, శుక్రవారాలుగా పెట్టుకోనిస్తారేమో అడగమనండి. అలా కుదిరితే వారంలో నాలుగు రోజులు సంగారెడ్డిలోనే ఉండవచ్చును. దానికి మీ ఇంట్లో మంచి ఫైబర్ కనెక్షను, ఒక ఇన్వర్టరు, తలుపు వేసుకోగలిగిన ఒక గది ఉంటే చాలు. ఫ్లాటు ఖరీదుతో పోలిస్తే ఇదెంత!

మియాపూర్ నుంచి పటాన్‌చెరుకు మెట్రో వస్తుందని, ఇప్పుడే కొనాలని ఎవరైనా తొందరపెడతారు. 13.4 కిలోమీటర్ల ఆ మార్గాన్ని 2024లో రాష్ట్ర ప్రభుత్వం రెండో దశలో చేర్చిన మాట నిజమే. కాగితం మీది రైలెక్కి ఎవరూ ఆఫీసుకు పోలేరు. అలాగే “హైటెక్ సిటీకి పదిహేను నిమిషాలు” అనే ప్రకటనలు. ఏ వేళ కొలిచారో? అర్ధరాత్రి కాబోలు! ఎప్పటికైనా అమీన్‌పూర్ వైపు కొనాలనుకుంటే, 2024లో అక్కడ హైడ్రా జరిపిన కూల్చివేతలు గుర్తుపెట్టుకుని, చెరువు హద్దుల కాగితాలు వకీలుకు చూపించాకే బయానా ఇవ్వండి.

బెంగుళూరు గురించి అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. సొంతంగా సరుకు తయారుచేసే కంపెనీలు, కొత్త కంపెనీలు అక్కడ ఎక్కువ. కాని వెతుక్కోవడానికి అక్కడికి వెళ్లి ఉండనక్కరలేదు. మొదటి ఇంటర్వ్యూలు ఇప్పుడు చాలావరకు వీడియోలోనే జరుగుతున్నాయి. ఆర్డరు చేతికి వచ్చాక, జీతంలోంచి అక్కడి అద్దె, అడ్వాన్సు తీసేసి చూసుకోమనండి. అద్దె అడ్వాన్సు మన దగ్గర రెండు నెలలది అడిగితే, అక్కడ అంతకు ఎన్నోరెట్లు అడిగే అలవాటు ఉంది. అవన్నీ పోను లాభమనిపిస్తే పంపండి. ఆడపిల్ల అని ఆపవద్దు.

ఇక వేపచెట్టు. రిటైరయ్యాక మీ వారికి నెలనెలా చేతికి వచ్చేది ఎంతో మీరు వ్రాయలేదు. ఎక్కువ కాకపోవచ్చు. అద్దె కట్టనక్కరలేని సొంత ఇల్లే మీ ఇద్దరికీ పింఛను. అది అమ్మాయి అవసరానికి కూడా అమ్మవద్దు.

నేను ఇలా అన్నానని మీ వారితో చెబితే ఆయనకు కోపం రావచ్చును. చెప్పకండి. వచ్చే మంగళవారం ఉదయం అమ్మాయితో కలిసి ఆయన్ను బస్సెక్కించి, మాదాపూర్ దాకా పంపండి. వచ్చేటప్పుడు లింగంపల్లిలో దిగి, రెండు మూడు అద్దె ఇళ్లు చూసి రమ్మనండి. ఏమన్నారో నాకు వ్రాయండి.