నర్తనశాల తలుపులు తెరచి ఉంచవలెను

అరువది నాలుగు కళలలో నృత్యానిది ఒక ప్రత్యేక స్థానం. చిత్రకారునికి కుంచె, శిల్పికి ఉలి, వైణికునికి వీణ సాధనాలు. నర్తకునికి తన శరీరమే సాధనం. అందువలన నృత్యం నేర్చుకొనేవాడు గురువు చేతిలో పెట్టేది పుస్తకమూ కాదు, వాద్యమూ కాదు. తన దేహాన్ని, దానితోపాటు తన అభిమానాన్ని. ఆ నమ్మకాన్ని నిలుపుకొన్న గురువులను లోకం తరతరాలుగా స్మరిస్తున్నది. అది వమ్మయిన చోట ఏమి జరుగుతుందో ఇటీవల బ్రిటన్ దేశపు టెలివిజన్‌లో బయటపడిన ఒక వ్యవహారం చూపుతున్నది. ఎక్కడో సీమలో తారలు ఆడిన పోటీ గొడవ మన కళాశాల పత్రికకు ఎందుకని విద్యార్థి మిత్రులు అడగవచ్చు. ఈ వ్యాసం ముగిసేలోగా ఆ సందేహం తీరగలదని నా విశ్వాసం.

'స్ట్రిక్ట్లీ కమ్ డాన్సింగ్' అనే కార్యక్రమాన్ని బి.బి.సి. సంస్థ 2004 మే నెలలో ప్రారంభించింది. అంతకుముందు దశాబ్దాలపాటు ప్రసారమై 1998లో ముగిసిన 'కమ్ డాన్సింగ్' అనే పాత పోటీకి ఇది కొత్త అవతారం. నటులు, క్రీడాకారులు, గాయకులు, హాస్యగాళ్ళు మొదలైన ప్రముఖులలో ఒక్కొక్కరిని ఒక్కొక్క వృత్తి నర్తకునితోనో, నర్తకితోనో జతపరుస్తారు. వారమంతా అభ్యాసం, శనివారం రాత్రి ప్రదర్శన. నలుగురు న్యాయనిర్ణేతలు పదేసి మార్కులకు తీర్పు చెబుతారు. ప్రేక్షకులు ఓట్లు వేస్తారు. అట్టడుగున నిలిచిన రెండు జంటలు మళ్ళీ నర్తించగా ఒక జంట నిష్క్రమిస్తుంది. చివరకు గెలిచిన వారికి దక్కేది ధనం కాదు, అద్దపు ముక్కలు పొదిగిన ఒక బంతి. ఈ పద్ధతిని అనేక దేశాలు కొనుక్కున్నాయి. మన దేశంలో 2006లో సోనీ ఛానలులో మొదలైన 'ఝలక్ దిఖ్లా జా' దీని సంతానమే.

ఈ ఏర్పాటులోని విశేషాన్ని పాఠకులు జాగ్రత్తగా గమనించవలె. వృత్తి నర్తకుడు ఇక్కడ గురువు మాత్రమే కాడు. శిష్యునితోపాటు వేదికపై ఆడే జోడీ అతడే, బహుమతికోసం పోటీపడే అభ్యర్థి అతడే. శిష్యుని కాలు తడబడితే గురువు కూడా ఓడుతాడు. శిష్యుడు శనివారం ఇంటికి వెళితే ఆ సంవత్సరానికి గురువు పోటీ కూడా ముగుస్తుంది. విద్య నేర్పడం, విజయం సాధించడం అనే రెండు పనులను ఒకే మనిషి భుజాలపై పెట్టి, ఆ మనిషిని, శిష్యుని ఒక గదిలో ఉంచి తలుపు వేశారు. ఇరువది ఏళ్ళపాటు ప్రేక్షకులు చూసింది శనివారపు తళుకులను మాత్రమే.

2023 సంవత్సరపు పోటీలో అమాండా అబ్బింగ్టన్ అనే నటి అక్టోబరు నెలలో మధ్యలోనే వైదొలగింది. తన జోడీ అయిన జొవానీ పెర్నీచే అభ్యాస సమయంలో తనపట్ల ప్రవర్తించిన తీరు గూర్చి ఆమె తరువాత ఫిర్యాదు చేసింది. ఆయన ఆరోపణలను ఖండించారు. బి.బి.సి. విచారణ జరిపి, 2024 సెప్టెంబరు చివరిలో ఫలితాన్ని వెల్లడించింది. ఫిర్యాదులలో కొన్నింటిని నిజమని అంగీకరించింది, అన్నింటినీ అంగీకరించలేదు. ఆమెకు క్షమాపణ చెప్పింది. ఇంతలో, అదే సంవత్సరం జూలైలో, గ్రాజియానో డి ప్రీమా అనే మరొక నర్తకుడు కార్యక్రమాన్ని విడిచిపోవలసి వచ్చింది. 2023లో ఆయనకు జోడీగా ఉన్న జారా మెక్‌డెర్మాట్ అభ్యాసపు గదిలో తనకు ఎదురైన సంఘటనల గూర్చి పెదవి విప్పింది. జనం తననే నిందిస్తారేమో, తన భవిష్యత్తు దెబ్బతింటుందేమో అన్న భయం ఇంతకాలం తన నోరు నొక్కిందని ఆమె చెప్పింది. ఆ భయం నిరాధారమైనది కాదు. ఫిర్యాదు చేసిన తరువాత తనకు చంపుతామన్న బెదిరింపులు వచ్చాయని అబ్బింగ్టన్ వెల్లడించింది.

డి ప్రీమా తన ప్రకటనలో జరిగినదానికి విచారం వెలిబుచ్చుతూ, గెలవాలన్న తన తీవ్ర పట్టుదల తన శిక్షణ తీరుపై ప్రభావం చూపి ఉండవచ్చునని అన్నారు. ఈ వ్యవహారమంతటిలో ఇంతకంటె ఆలోచించదగిన మాట మరొకటి లేదు. గెలవాలన్న కోరిక గురువు నేర్పే తీరునే మార్చివేస్తుందన్న సంగతి దీనిలో ఉంది.

ఇక్కడ తొందరపడి ఒకరిని రాక్షసునిగా, ఒకరిని దేవతగా చిత్రించడం న్యాయం కాదు. అదే పెర్నీచే 2021లో రోజ్ ఐలింగ్-ఎల్లిస్ అనే బధిర నటికి జోడీగా ఆడి గెలిచారు. సంగీతం వినబడని ఆమెతో ఆయన నృత్యం చేస్తుండగా ఒక చోట సంగీతాన్ని పూర్తిగా ఆపివేసి, ఆమె లోకంలోని నిశ్శబ్దాన్ని ప్రేక్షకులకు రుచి చూపించారు. ఆ దృశ్యానికి గొప్ప పురస్కారం లభించింది. ఒకే గురువు ఒక శిష్యురాలితో అంత ఎత్తుకు ఎదిగి, మరొక శిష్యురాలి విషయంలో సంస్థచేత క్షమాపణ చెప్పించే స్థితి వచ్చిందంటే, దోషాన్ని వ్యక్తి స్వభావంలోనే వెదికి ఊరుకుంటే చాలదు. ఒక మనిషి మంచితనంపైనే మరొక మనిషి క్షేమం ఆధారపడిన ఏర్పాటు ఎప్పుడైనా కూలవచ్చు. తలుపు వెనుక ఏమి జరుగుతున్నదో చూసే మూడవ మనిషి లేకపోవడమే అసలు లోపం.

కాలపు ఒత్తిడి కూడా చిన్నది కాదు. ప్రతి శనివారానికి ఒక కొత్త నృత్యం సిద్ధం కావలె. వికలాంగుల ఒలింపిక్ క్రీడలలో టేబుల్ టెన్నిస్ స్వర్ణపతకం గెలిచిన విల్ బెయిలీ 2019లో ఈ పోటీలో పాల్గొన్నారు. అభ్యాసంలో ఒక బల్లపైనుండి దూకుతూ మోకాలికి గాయమై వైదొలగవలసి వచ్చింది. ఆ గాయం బాధ తనను ఇంకా వదలలేదని ఆయన 2024లో చెప్పారు. ఎవరూ కావాలని చేసిన హాని కాకపోవచ్చు. కాని వారం గడువు ముంచుకొస్తున్నప్పుడు 'ఈ దూకుడు ఈ దేహానికి తగునా' అని ఆగి అడగవలసిన బాధ్యత ఎవరిదో ముందుగా నిర్ణయించబడి ఉండవలె.

దీనికి మూడు ఆక్షేపణలు వినవస్తున్నాయి. వారు ప్రముఖులు, పారితోషికం పుచ్చుకొని స్వచ్ఛందంగా వచ్చినవారు, కాస్త కష్టం ఓర్చుకోలేరా అన్నది మొదటిది. కష్టానికి ఒప్పుకున్నవాడు అవమానానికి ఒప్పుకున్నట్లు కాదు. రాళ్ళు మోయడానికి కూలికి వచ్చిన మనిషిని తిట్టే హక్కు ఆ కూలితో కొన్నట్లు ఏ న్యాయం చెప్పదు. శిక్ష లేనిదే శిక్షణ లేదన్నది రెండవది. 'దండం దశగుణం భవేత్' అన్నారని, 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్నారని పెద్దలు మనకు గుర్తుచేస్తారు. నిజమే, మొక్కను వంచవలె. కాని వంచేది చేతితో, గొడ్డలితో కాదు. అంత బాధపడితే అప్పుడే ఎందుకు చెప్పలేదన్నది మూడవది. సరిదిద్దేవాడు, మార్కులకు ఆధారమైనవాడు, కోట్లమంది అభిమానం పొందినవాడు ఒక్కడే అయినప్పుడు శిష్యుడు ఎవరికి చెప్పగలడు? పేరుప్రతిష్ఠలు, న్యాయవాదుల అండ ఉన్న నటీమణులే నెలల తరబడి మౌనం వహించారంటే, ఏ అండా లేని పద్దెనిమిదేళ్ళ విద్యార్థి మౌనాన్ని గూర్చి మనం ఏమి అనుకోవలె?

నియమాలు లేక ఇది జరిగిందని అనుకోరాదు. ప్రసారాలను పర్యవేక్షించే ఆఫ్‌కామ్ సంస్థ, కార్యక్రమాలలో పాల్గొనేవారి క్షేమం పట్ల తగిన శ్రద్ధ వహించాలన్న నిబంధనను 2021 ఏప్రిల్ నుండి అమలులోకి తెచ్చింది. పైన చెప్పిన ఫిర్యాదులు 2023 నాటివి. కాగితంపైని నిబంధన అభ్యాసపు గది గడప దాటలేదన్నమాట. 2024 జూలైలో బి.బి.సి. చేసిన పని మాత్రం సూటిగా ఆ గదినే తాకింది. అభ్యాసం జరుగుతున్నంతసేపు నిర్మాణ వర్గానికి చెందిన ఒక వ్యక్తి అక్కడే ఉండవలె. పోటీదారుల క్షేమానికి ఒకరు, వృత్తి నర్తకుల క్షేమానికి ఒకరు ప్రత్యేకంగా నియుక్తులు కావలె. నర్తకులకు, సిబ్బందికి అదనపు శిక్షణ ఇవ్వవలె. నర్తకుల క్షేమాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం హర్షించదగినది. ఒత్తిడి పైనుండి కిందికి ప్రవహించేదే గనుక, గురువుపై భారం తగ్గనిదే శిష్యునిపై తగ్గదు.

ఇట్లా పక్కన ఒకరు కూర్చుంటే కళ చప్పబడుతుందని కొందరు వాపోయారు. ఆ సంవత్సరమే, 2024 డిసెంబరులో, క్రిస్ మెకాస్‌లాండ్ అనే అంధుడైన హాస్యనటుడు తన జోడీ డయాన్ బస్‌వెల్‌తో కలిసి విజేత అయ్యాడు. కన్నులతో చూసి అనుకరించలేని శిష్యునికి మాటతో, స్పర్శతో, ఓర్పుతో నేర్పవలసిందే. ఆ ఓర్పు బహుమతికి అడ్డు రాలేదు.

మన దేశం వైపు చూద్దాం. 2008లో ఒక బెంగాలీ ఛానలు నృత్యపోటీలో న్యాయనిర్ణేతల మందలింపు తరువాత పదహారేళ్ళ బాలిక మాట, కదలిక కోల్పోయి ఆసుపత్రి పాలైందన్న వార్త దేశమంతటా సంచలనం కలిగించింది. ఆ మందలింపే కారణమని తల్లిదండ్రులు ఆవేదన చెందారు. 2017 నాటి బాల కార్మిక నిబంధనలు బాల కళాకారులచేత రోజుకు ఐదు గంటలకు మించి, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించి పని చేయించరాదని, సంపాదనలో కనీసం ఇరువది శాతం పిల్లవాని పేర బ్యాంకులో జమ చేయాలని, జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందాలని నిర్దేశించాయి. నృత్యపోటీలలో చిన్నపిల్లలచేత వయసుకు తగని భంగిమలు చేయించరాదని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2019 జూన్‌లో ఛానళ్ళకు సూచించింది. ఇవన్నీ మెచ్చదగినవే. అయితే తెలుగునాట ఇంటింటా ఇటువంటి పోటీలు చూస్తూ పెరిగిన మన యువతరం, గురువు గద్దింపును, శిష్యుని కన్నీటిని, ఆ కన్నీటిపై దగ్గరగా నిలిచే కెమెరాను వినోదమని అలవాటు చేసుకున్నది. చూసేవాని ఆ అలవాటు కూడా ఈ దోషంలో భాగమే.

మన హైదరాబాదు పాతబస్తీలో మల్లయోధులు సాధన చేసే స్థలాన్ని 'తాలీం' అంటారు. ఉర్దూలో అదే మాటకు విద్య అని అర్థం. ఆ తాలీంలో ఉస్తాదు కఠినుడే. కాని శాగిర్దు పట్టు నేర్చేది పదిమంది తోటివారి ఎదుట. ఉస్తాదు మందలించేదీ వారి ఎదుటనే. మహాభారతంలో బృహన్నల ఉత్తరకు నృత్యం నేర్పిన నర్తనశాల పగటివేళ విద్యాలయం. రాత్రి ఎవరూ ఉండరన్న కారణంచేతనే అది కీచకవధకు చోటుగా ఎంపిక అయింది. స్థలం ఒక్కటే; మనుషులు ఉండడం, ఉండకపోవడంలోనే భేదం.

ఇప్పుడు మన ఇంటి సంగతి. వార్షికోత్సవం వచ్చిందంటే మన కళాశాలలో నృత్యం, ఖవ్వాలీ, బుర్రకథ, ఏకాంకిక, ముషాయిరా అంటూ ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి సాధనలో మునిగిపోతారు. అంతర్ కళాశాలల పోటీలకు జట్లు వెళతాయి. షీల్డు తెచ్చిన శిక్షకునికి పేరు వస్తుంది. తేలేని శిక్షకునికి తరువాతి సంవత్సరం కబురు రాదు. సీమలోని ఆ గదిలో ఉన్న చిక్కుముడి ఇక్కడా చిన్నరూపంలో ఉన్నదని వేరే చెప్పనవసరం లేదు. కనుక కళాశాల సంఘం పెద్దలకు వినయపూర్వకంగా కొన్ని విన్నపాలు. సాధన జరిగే గది తలుపు తెరచి ఉండవలె. శిక్షకునితోపాటు ఒక అధ్యాపకుడో, అధ్యాపకురాలో తప్పక ఉండవలె. సాధన వేళలు ముందుగా నోటీసు బోర్డుపై ప్రకటించి, వాటిని మించకుండా చూడవలె. విద్యార్థికి కష్టం కలిగితే చెప్పుకొనేందుకు ఆ పోటీతో సంబంధం లేని ఒక పెద్దను నియమించవలె. చెప్పుకొన్న కారణంగా జట్టునుండి ఏ విద్యార్థినీ తొలగించరాదు. శిక్షకుని ప్రతిభను తెచ్చిన షీల్డులతో మాత్రమే గాక, మరుసటి ఏడు తిరిగి వచ్చి నేర్చుకోవాలని కోరే విద్యార్థుల సంఖ్యతో కూడా లెక్కించవలె. వీటిలో ఏ ఒక్కటీ ఖర్చుతో కూడినది కాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కొందరు రేపు వేదికలెక్కుతారు, మరికొందరు పదిమందికి నేర్పే స్థానంలో నిలుస్తారు. శ్రమకు వెనుదీయకండి, శ్రమ లేనిదే ఏ కళా అబ్బదు. కాని మీ తప్పును దిద్దే మాటకు, మిమ్ము తక్కువ చేసే మాటకు గల తేడాను గుర్తించండి. రెండవది వినవచ్చినప్పుడు అది మీకు కాక పక్కవానికి తగిలినా సరే, మౌనం వహించకండి. రేపు మీరే గురువులైననాడు మీ శిష్యుని పాదాలు మీ కీర్తికోసం గాక అతని ఆనందంకోసం కదులుతున్నాయో లేదో చూడండి. బహుమతి ఒక్కరికే వస్తుంది; నేర్చిన విద్య మాత్రం పోటీలో ఓడినవారికి కూడా జీవితాంతం తోడుంటుంది.